48 మ్యాచ్‌లు ఆడించి నాలుగు జట్లనే తప్పించే పూల్ దశ దేనికి?

సంపాదకుల వారికి,

యూరప్ క్లబ్ రగ్బీలో అన్నిటికన్నా పెద్ద పోటీ చాంపియన్స్ కప్. ఇందులో ఇప్పుడు 24 జట్లున్నాయి. ఆరేసి జట్లతో నాలుగు పూల్స్ (గ్రూపులు), పూల్‌లోని సొంత లీగ్ జట్టుతో తప్ప మిగతావాటితో ఒక్కోటి చొప్పున జట్టుకు నాలుగు మ్యాచ్‌లు, మొత్తం 48. ప్రతి పూల్‌లో మొదటి నాలుగు జట్లు ప్రిక్వార్టర్స్‌కు వెళ్తాయి. ఐదోది కూడా ఇంటిముఖం పట్టదు, యూరప్ రెండో శ్రేణి పోటీ అయిన చాలెంజ్ కప్ ప్రిక్వార్టర్స్‌లో చేరుతుంది. డిసెంబర్, జనవరిల్లో నాలుగు వారాంతాలు ఖర్చుపెట్టి పూర్తిగా తప్పించేది నాలుగు జట్లనే అన్నమాట.

1999-2000 నుంచి 2013-14 వరకు, ఈ పోటీ హైనెకెన్ కప్ పేరుతో నడిచిన రోజుల్లోనూ 24 జట్లే ఆడేవి. నాలుగేసి జట్లతో ఆరు పూల్స్. ప్రతి ప్రత్యర్థితో సొంతగడ్డపై ఒకటి, వాళ్ల గడ్డపై ఒకటి. 72 మ్యాచ్‌లు ముగిసేసరికి కప్పు రేసులో ఎనిమిది జట్లే మిగిలేవి. ఫైనల్‌తో కలిపి అప్పుడు తొమ్మిది వారాంతాలు పట్టేవి, ఇప్పుడు ఎనిమిది పడుతున్నాయి. మిగిలింది ఒక్క వారం. పోయింది పూల్ దశలోని పస అంతా.

పాత పద్ధతిలో లోపం లేదనడం లేదు. ఆరుగురు విజేతలకు తోడు రెండో స్థానాల్లో మెరుగైన రెండు జట్లను క్వార్టర్స్‌కు తీసుకునేవారు. 2003-04 నుంచి గెలుపుకు 4 పాయింట్లు, నాలుగు ట్రైలు (బంతిని ప్రత్యర్థి గోల్‌లైన్ అవతల నేలకు ఆనించడం) చేస్తే బోనస్ 1. పూల్‌లో ఒక బలహీన జట్టుంటే చాలు, దాని మీద రెండుసార్లు అయిదేసి పాయింట్లు చేతికొచ్చేవి. గట్టి పూల్‌లో పడిన జట్టుకు ఆ వీలుండదు. ఇప్పటి పద్ధతిలో ఇంకో చిక్కు. ఒక్కో ప్రత్యర్థితో ఒకే మ్యాచ్ కాబట్టి, బలమైన జట్టు మన గడ్డకు వస్తుందా, మనమే వాళ్ల గడ్డకు పోవాలా అన్నది షెడ్యూల్ చేతిలో ఉంటుంది. రగ్బీలో సొంతగడ్డ అనుకూలత ఎంతో తెలిసినవారికి ఇది చిన్న విషయం కాదు.

ఒకే రకం ప్రత్యర్థులతో ఆడని జట్లను ఒకే పట్టికలో పెట్టి పోల్చినప్పుడల్లా ఇలాంటి వింతలే జరుగుతాయి. ప్రధానంగా దక్షిణార్ధగోళ జట్లు ఆడే సూపర్ రగ్బీలో 2017లో 34 పాయింట్ల ఆస్ట్రేలియా జట్టు బ్రంబీస్ తన కాన్ఫరెన్స్ (గ్రూపు) విజేత అయినందుకు, 58 పాయింట్లున్న న్యూజీలాండ్ జట్టు హరికేన్స్ దాని మైదానానికి వెళ్లి క్వార్టర్‌ఫైనల్ ఆడాల్సి వచ్చింది. హరికేన్స్ గెలిచింది కాబట్టి గొడవ సద్దుమణిగింది. ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్, ఇటలీ, దక్షిణాఫ్రికా జట్ల లీగ్ అయిన యునైటెడ్ రగ్బీ చాంపియన్‌షిప్‌లో 2022-23లో 10వ స్థానంలో నిలిచిన కార్డిఫ్‌కు వేల్స్ కోటా కింద చాంపియన్స్ కప్ బెర్త్ దక్కితే, 8వ స్థానంలోని దక్షిణాఫ్రికా జట్టు షార్క్స్ చాలెంజ్ కప్‌కు పోయింది. ఆ కోటాను తర్వాత తీసేయడం మంచి పని. 2025 సూపర్ రగ్బీలోనైతే చీఫ్స్ తొలి నాకౌట్ మ్యాచ్ ఓడిపోయి కూడా, ఓడినవాళ్లలో పై స్థానంలో ఉందన్న లెక్కతో ముందుకెళ్లి ఫైనల్ దాకా ఆడింది. ఓడినా పోనిదాన్ని నాకౌట్ అని ఎలా అంటారో నిర్వాహకులే చెప్పాలి.

చాంపియన్స్ కప్‌ను 16 జట్లకు కుదించాలి. నాలుగేసి జట్లతో నాలుగు పూల్స్, ఇంటా బయటా ఆరేసి మ్యాచ్‌లు, పూల్ విజేతలు మాత్రమే నేరుగా సెమీస్‌కు. పూల్ మ్యాచ్‌లు అవే 48, వారాంతాలు అవే ఎనిమిది. ఒక పూల్‌ను ఇంకో పూల్‌తో పోల్చే అవసరమే రాదు. పాయింట్లు సమమైతే ముందు ఆ రెండు జట్ల మధ్య జరిగిన రెండు మ్యాచ్‌ల పాయింట్లు చూడాలి, తర్వాత వాటిలో చేసిన ట్రైలు.

ఇంగ్లండ్ ప్రీమియర్‌షిప్‌లో ఉన్నవే పది క్లబ్బులు. అందులో ఎనిమిదికి బెర్తులు ఇస్తే లీగ్‌లో స్థానానికి విలువేముంటుంది? ప్రీమియర్‌షిప్‌కు 4, ఫ్రాన్స్ టాప్ 14కు 5, యునైటెడ్ చాంపియన్‌షిప్‌కు 6, కిందటి విజేతకు ఒకటి చాలు. కిందటి విజేత లీగ్ నుంచే అర్హత పొందితే ఆ చోటు చాలెంజ్ కప్ విజేతకు ఇవ్వాలి. ఈ లెక్కలో ఒకే లీగ్ జట్లు రెండు ఒకే పూల్‌లో పడక తప్పని సందర్భాలుంటాయి. వాటి మధ్య మ్యాచ్‌లను మొదటి రెండు వారాల్లోనే ముగించాలి. చివరి వారానికి వదిలితే, ఒకరికి అవసరమై మరొకరికి అక్కర్లేని మ్యాచ్ మీద లేనిపోని అనుమానాలు పుడతాయి.

ప్రయాణాల సంగతి విడిగా చూడాలి. 2024 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికా జట్టు బుల్స్ తన ఊరు ప్రిటోరియాలో ప్రిక్వార్టర్స్ గెలిచి, మరుసటి వారమే ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో క్వార్టర్స్ ఆడాల్సి వచ్చింది. ముఖ్యమైన ఆటగాళ్లలో చాలామందిని ఇంటి దగ్గరే వదిలి వెళ్లి 59-22తో ఓడింది. తప్పు బుల్స్‌ది కాదు, ఆ వారం గడువుది. దక్షిణాఫ్రికాకూ యూరప్‌కూ గడియారంలో తేడా గంటో రెండు గంటలో, అందువల్ల జెట్ లాగ్ పెద్దగా ఉండదు. కానీ రాత్రంతా విమానం, ఆపైన కనెక్షన్లు. మ్యాచ్ దెబ్బలతో ఉన్న ఒంటికి అదే అసలు శిక్ష. అందుకే పూల్‌కు ఒకటి మించి దక్షిణాఫ్రికా జట్టు ఉండకూడదు. ఆ జట్టు యూరప్‌లో ఆడే మూడింటిలో రెండు వరుస వారాల్లో, ఒకే పర్యటనలో పెట్టాలి. సెమీస్‌కు ముందు కనీసం రెండు వారాల గడువివ్వాలి.

పర్యటనకు ఒక మ్యాచ్‌కు సరిపోయే 23 మందితో వెళ్తే కుదరదు. ఆ 23 మందిలో స్క్రమ్ (రెండు జట్లు ఎదురెదురుగా నెట్టుకునే ఘట్టం) ముందు వరుసకే ఆరుగురు కావాలి. ఇద్దరు లూస్‌హెడ్లు (ఎడమవైపు ప్రాప్‌లు), మధ్యలో ఉండే ఇద్దరు హుకర్లు, ఇద్దరు టైట్‌హెడ్లు (కుడివైపు ప్రాప్‌లు). ఒక్క ప్రాప్ మంచం పట్టినా మార్పిడికి ఇంటి నుంచి మనిషి రావాలి. అందువల్ల రెండు మ్యాచ్‌ల పర్యటనకు 30 మంది ఖర్చును క్లబ్ మీద వేయకుండా, పోటీ ఉమ్మడి ఆదాయం నుంచే ముందుగా పక్కనపెట్టాలి.

ఈ పద్ధతికీ మూల్యం ఉంది. మొత్తం మ్యాచ్‌లు 63 నుంచి 51కి తగ్గుతాయి. ఆ 12 నాకౌట్ మ్యాచ్‌లకు ప్రసార సంస్థలు ధర తగ్గిస్తాయి. బదులుగా ప్రతి క్లబ్‌కూ సొంతగడ్డపై పూల్ మ్యాచ్‌లు రెండు కాక మూడు దొరుకుతాయి. విజేతే ముందుకెళ్తుందంటే చివరి రెండు వారాల్లో నామమాత్రపు మ్యాచ్‌లు పెరుగుతాయి, రెండో శ్రేణి జట్లు దిగుతాయి. జట్టు ఎంపికపై నిబంధనలు పెట్టి దీన్ని ఆపలేరు, గాయమని ఒక కాగితం చాలు. పంచే సొమ్ములో కొంత భాగాన్ని పూల్‌లో సాధించిన ప్రతి పాయింటుకు ఇంత అని కట్టబెడితే, సెమీస్ ఆశ లేని క్లబ్ కూడా ఏడు పాయింట్లలోపు ఓటమికి దక్కే ఆ ఒక్క బోనస్ కోసం చివరి నిమిషం దాకా ఆడుతుంది.

— ఒక రగ్బీ పాఠకుడు