పాపకి దొరికిన పసుపు రాయి

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శ్రీనూ,

అరకు నుంచి వస్తూ దారిలో పాప ఏరుకున్న రాయి ఫొటో చూశాను. "బాబాయ్, ఇది బంగారమేనా?" అని తను పెట్టిన వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నాను. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పెయ్యొచ్చు గానీ, తనే తేల్చుకుంటే ఆ ఆనందం వేరురా. అందుకే ఈ ఉత్తరం. పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించు.

ముందు రంగుని నమ్మొద్దని చెప్పు. కెంపు, నీలం రెండూ ఒకే ఖనిజం, కురువిందం. రవ్వంత క్రోమియం చేరితే కెంపు; ఇనుము, టైటానియం చేరితే నీలం. ఏదీ చేరకపోతే అసలు రంగే ఉండదు.

ఖనిజమంటే నేలలో తనంతట తాను తయారైన ఘనపదార్థం. దానికో రసాయన కూర్పు, లోపల పరమాణువులకో వరస ఉంటాయి. అవి కలిసి ముద్దకడితే రాయి. మన కైలాసగిరి రాయి ఖొండలైటే చూడు, తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు పెట్టారు దానికి. పలుగురాయి, గార్నెట్, సిల్లిమనైట్, గ్రాఫైట్ అన్నీ పల్లీచెక్కలో పలుకుల్లా కలిసి ఉంటాయి.

ఇక పరీక్షలు. బాత్రూం టైలు ముక్క ఒకటి తీసుకుని, నున్నగా లేని వెనక వైపు రాయితో గట్టిగా గీయమను. బంగారమైతే పసుపు గీత పడుతుంది. బంగారంలా మెరిసే పైరైట్ అయితే ఆకుపచ్చ కలిసిన నల్ల గీత పడుతుంది. నల్లగా కనిపించే ఇనుప ఖనిజం హెమటైట్ కూడా టైలు మీద ఎర్రగానే గీస్తుంది. రాయి పైరంగు మోసం చేసినా గీత చెయ్యదు.

తర్వాత గట్టిదనం. 1812లో మోస్ అనే ఆయన, ఏ ఖనిజం దేన్ని గీరుతుందో చూసి 1 నుంచి 10 వరకు వరస కట్టాడు. పౌడర్లో వాడే టాల్క్ 1, మీరు బొర్రా గుహల్లో చూసిన కాల్సైట్ 3, పలుగురాయి 7, కురువిందం 9, వజ్రం 10. మన గోరు రెండున్నర దగ్గర ఉంటుంది. ఇవి క్లాసులో ర్యాంకుల్లాంటివి, మార్కులు కావు. 9కీ 10కీ మధ్య తేడా చాలా పెద్దది.

పాప రాయి అంచున నాకు పొరలు కనిపిస్తున్నాయి. గోటితో లేపితే రేకులుగా ఊడొస్తే అది అభ్రకం. నల్ల అభ్రకం ఎండకీ వానకీ నాని బంగారు రంగుకి తిరుగుతుంది. సింహాచలం మెట్ల పక్కన ఏరి జామెట్రీ బాక్సుల్లో దాచుకున్నామే, అవి అవేరా! వేడికి తట్టుకుంటుంది, కరెంటుని పోనివ్వదు. మీ నాన్నగారు పాత ఇస్త్రీపెట్టె విప్పినప్పుడు కాయిల్ చుట్టి ఉన్న పల్చటి రేకు గుర్తుందా? అదీ ఇదే. మన గూడూరు వైపు గనులున్నది దీనికే.

ఇదంతా మనసులో పెట్టుకుని పొద్దున్నే భీమిలి వెళ్లాను. అల వెనక్కి పోయాక ఇసక మీద నల్లటి చారలు తేలాయి. కెరటం చాటలా చెరుగుతోంది: తేలికైన పలుగు రేణువుల్ని ఊడ్చుకుపోయి, బరువైనవాటిని వదిలేస్తోంది. పలుగురాయి నీటికంటే 2.65 రెట్లు బరువైతే, ఆ నల్ల చారల్లోని ఇల్మనైట్ అనే ఖనిజం దాదాపు 4.7 రెట్లు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి ఇసకలో తిప్పితే నల్ల రేణువులు మీసాల్లా నిక్కబొడుచుకున్నాయి. మాగ్నెటైట్! ఇల్మనైట్ చాలావరకు కిందే ఉండిపోయింది, దానికి ఇంకా బలమైన అయస్కాంతం కావాలి. భూతద్దంలో చూస్తే మధ్యమధ్య గులాబీ రంగు గార్నెట్ రేణువులు. కొండ మీద రాయి చితికి, వానకి కొట్టుకొచ్చి, ఇలా నా అరచేతిలో మెరుస్తుంటే ఎంతసేపు చూశానో తెలీదు.

ఆ నల్లటి ఇల్మనైట్ నుంచే గోడలకేసే రంగుల్లోని తెల్లదనం, టైటానియం డయాక్సైడ్, తీస్తారు. గార్నెట్‌ని గరుకు కాగితానికి వాడతారు. వీటితోపాటే రేడియోధార్మిక మూలకం థోరియం ఉన్న మోనజైట్ అనే ఖనిజం కూడా ఉంటుంది. చూడ్డానికి గుప్పెడు చాలు, చూశాక అక్కడే వదిలేశాను. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో అయితే ఆ గుప్పెడు కూడా తవ్వకూడదు. తవ్విన చోట మళ్లీ దిబ్బ లేవదురా. ఇది పాపకి గట్టిగా చెప్పు.

దసరా సెలవులకి వదినని, పాపని తీసుకుని రా. అయస్కాంతం, భూతద్దం సిద్ధంగా ఉంచుతాను. ఈలోగా టైలు మీద గీత ఏ రంగులో పడిందో తననే రాసి పంపమను.

నీ,
రమణ