బ్యాటరీ లేకపోయినా పర్లేదు, పిండి మధ్యాహ్నం రుబ్బుకోండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది పర్లాకిమిడి, గజపతి జిల్లా. ఒడిశాలో ఉన్నా పొద్దున్నే మీ పేపర్ చూడందే మా ఇంట్లో టీ దిగదు. ఇళ్ళ మీద సోలార్ గురించి మీరు వేసేవన్నీ చదువుతూనే ఉంటాను, సబ్సిడీ ఎంత, అప్లై చేయడం ఎలా అన్నీ వస్తాయి గానీ పెట్టించుకున్నాక దాన్ని ఎలా వాడుకోవాలన్నది మాత్రం ఎక్కడా కనపడదు. మా వీధిలో దెబ్బతిన్నవాళ్ళందరం అక్కడే దెబ్బతిన్నాం, అందుకే రాస్తున్నాను.

నేను ఇంట్లోనే ఇడ్లీ, దోసె పిండి రుబ్బి అమ్ముతాను. పెద్ద గ్రైండరు, రెండు ఫ్రిజ్‌లు, వీటికే బిల్లు మోయలేకపోయేవాళ్ళం. కిందటేడు మేడ మీద 3 కిలోవాట్ల ప్యానెళ్ళు పెట్టించాం, బ్యాటరీ లేకుండా. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేలు ఇస్తుంది, ఒడిశా ప్రభుత్వం దానిపైన ఇంకో 60 వేలు ఇస్తుంది. ఈ రెండోది ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి తెలీనే తెలీదు, పాతపట్నంలో చుట్టాలు చెప్పే ఆంధ్రా లెక్కలే వింటారు, ఇక్కడి కాగితాలేమో ఒడియాలో వస్తాయి, చదివి చెప్పాల్సిన పిల్లలు ఎక్కడో హైదరాబాద్‌లో ఉంటారు.

సరే, ప్యానెళ్ళు బిగించిన అబ్బాయి "నెట్ మీటర్ వచ్చేదాకా ఊరికే పోవడం దేనికమ్మా, ఆన్ చేసేసుకోండి" అన్నాడు. నెట్ మీటర్ అంటే మనం వాడిన కరెంటునీ, లైన్లోకి పంపిన కరెంటునీ విడివిడిగా లెక్కేసే మీటరు. అది రాకముందే ఆన్ చేశాం. ఆ నెల బిల్లు తగ్గకపోగా పెరిగింది! మా ఆయన ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ళ కరెంటుని ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె, పాడైందన్నారు, నాకు అనుమానమొచ్చి ఒకరోజు మిట్టమధ్యాహ్నం మీటరు ముందు నిలబడ్డాను. ఇంట్లో అన్నీ కట్టేసి ఉన్నాయి, అయినా మీటర్లో యూనిట్లు లెక్కేసేటప్పుడు వెలిగే ఎర్ర లైటు టకటకా కొట్టుకుంటోంది. వెళ్ళి గ్రైండర్ వేసొచ్చాను, కొంచెం నెమ్మదించింది. ఇస్త్రీ పెట్టె పెట్టాను, ఇంకా నెమ్మదించింది. నీళ్ళ మోటార్ కూడా వేసేసరికి దాదాపు ఆగిపోయింది. అప్పుడు అర్థమైంది. పాత డిజిటల్ మీటర్లలో చాలావాటికి కరెంటు లోపలికొస్తుందో బయటికెళ్తుందో తేడా లేదు, ఎటు వెళ్ళినా వాడినట్టే రాసేస్తాయి, దొంగతనం జరగకుండా వాటినలా చేశారట. అంటే మేం లైన్లోకి పంపిన కరెంటుకి మళ్ళీ మేమే డబ్బులు కట్టాం. నెట్ మీటర్ పడడానికి మాకు మూడు నెలలు పట్టింది, ఆ మూడు నెలలూ ఎండ వేళ ఇంట్లో పని ఉంటేనే ఇన్వర్టర్ ఆన్, లేకపోతే ఆఫ్. ఈ ఒక్క ముక్క ముందే ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేది!

ఆ మూడు నెలల్లోనే పనులన్నీ పగటికి మార్చుకోవడం అలవాటైపోయింది. ఇదివరకు తెల్లారి మూడింటికి లేచి రుబ్బేదాన్ని, ఇప్పుడు ఉదయం ఆరింటికి పప్పు నానబోసి పదకొండింటికి గ్రైండర్ వేస్తున్నాను. ఎండాకాలం సాయంత్రానికే పిండి పులుస్తుంది, పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే రాత్రికీ పొద్దున్నకీ సరిపోతుంది. చలికాలం మాత్రం రాత్రంతా బయటే ఉంచాలి. రుబ్బడం అయ్యాక మోటార్ వేసి ట్యాంకు నింపుతాను, మాకు ఆ ట్యాంకే బ్యాటరీ అనుకోండి, మధ్యాహ్నం ఎండతో ఎక్కిన నీళ్ళు రాత్రంతా కిందికి దిగుతాయి. ఆ తర్వాత వాషింగ్ మెషిన్, ఇస్త్రీ. 3 కిలోవాట్లు అని పేరే గానీ మంచి ఎండలో కూడా 2.3, 2.4 మించి రావడం తక్కువ, అందుకే నెట్ మీటర్ లేని రోజుల్లో ఇంట్లో వాడకం ఆ లెక్కకి మించకుండా, మరీ తగ్గకుండా చూసుకుని వేసుకోవాలి.

నెట్ మీటర్ పడ్డాక పంపిన యూనిట్‌కి వాడిన యూనిట్ చెల్లు, ఇంక ఎప్పుడు రుబ్బితే ఏంటి అని మా పక్కింటావిడ అడిగింది. నిజమే గానీ, వీధిలో నాలుగిళ్ళ మీద సోలార్ ఉండి మధ్యాహ్నం ఎవరూ ఏమీ వాడకపోతే లైన్లో వోల్టేజీ పెరిగిపోతుంది, మరీ పెరిగితే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, ఫోన్లో యాప్ చూస్తే మంచి ఎండలో గీత సున్నాకి పడిపోయి ఉంటుంది. నేను గ్రైండర్ వేసిన రోజుల్లో అలా పడడం బాగా తగ్గింది. ఇంకోటి, 2023లో కేంద్రం రూల్స్ మార్చింది, ఏ వేళ ఎంత వాడామో రాసుకునే స్మార్ట్ మీటర్లు వచ్చేకొద్దీ పగలు సోలార్ వేళల్లో రేటు కనీసం 20 శాతం తక్కువ, జనం ఎక్కువ వాడే వేళల్లో ఇళ్ళకి కనీసం 10 శాతం ఎక్కువ ఉండాలని. అది అన్ని ఇళ్ళ బిల్లుల్లోకీ వచ్చిందంటే పగటి అలవాటు ఉన్నవాళ్ళే బాగుపడతారు.

నీడ సంగతి కూడా చెప్పాలి. మా వెనకింటి కొబ్బరిచెట్టు మట్ట నీడ మూడింటికల్లా ఒక్క ప్యానెల్ మీద పడేది, ఒక్కదానికేగా అని వదిలేశాం. ప్యానెళ్ళన్నీ వరసగా ఒకదానికొకటి కలిపుంటాయి కాబట్టి ఒకదాని దెబ్బ మిగతావాటికీ తగులుతుంది. వాళ్ళనడిగి రెండు మట్టలు కొట్టించాం, అదే వేళకి 1.1 కిలోవాట్లు వచ్చేది 1.6కి వచ్చింది. రైసుమిల్లు బూడిద, కాకి రెట్టలు పదిహేను రోజులకోసారి కడుగుతాను, తెల్లారకముందే కడగాలి, కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది, సబ్బు పొడి వద్దు, బోరు నీళ్ళయితే తెల్ల మరకలు కట్టకుండా వెంటనే తుడిచెయ్యాలి. మే నెల ఎండకి కరెంటు దంచికొడుతుందనుకున్నాను, కాదు, ప్యానెల్ వేడెక్కేకొద్దీ దిగుబడి తగ్గుతుంది, మాకు ఫిబ్రవరి, మార్చిలోనే బాగా వచ్చింది.

ఇక బ్యాటరీ. లైన్లో కరెంటు పోతే నడినెత్తిన ఎండున్నా మా సోలార్ కూడా ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి మా ఇంటి కరెంటు తగలకుండా కావాలనే అలా పెట్టారు. ఇది ముందే చెప్పకుండా అంటగట్టేవాళ్ళూ ఉన్నారు, ఇదే చెప్పి భయపెట్టి పెద్ద బ్యాటరీ అమ్మేవాళ్ళూ ఉన్నారు. 2018లో తిత్లీ తుపానుకి ఇక్కడ రోజుల తరబడి చీకట్లో ఉన్నవాళ్ళం, ఆ భయం నాకూ తెలుసు. కానీ రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లకి చాలా ఇళ్ళల్లో కరెంటు పోతే వాడే చిన్న బ్యాటరీ ఉన్న పాత ఇన్వర్టర్ ఎలాగూ ఉంది, అది పగలు చార్జ్ అయిపోతుంది, మాకు అదే సరిపోతోంది. ఆసుపత్రి మిషన్లాంటివి ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి పెద్ద బ్యాటరీ కావాలి.

మీ శ్రీకాకుళం పేజీ మా ఊరికి రోజూ వస్తుంది. అందులో వారానికోసారైనా ఒడిశా సబ్సిడీ, నెట్ మీటర్‌కి ఇవ్వాల్సిన కాగితాలు, అది పడేదాకా ఇన్వర్టర్ ఆన్ చేయొద్దన్న మాట తెలుగులో వేయండి. మా వీధి చివర ఇంకో ఇంటికి ప్యానెళ్ళు దిగాయి, బిగించడం వచ్చే వారమట.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా