సార్లను పిలిచే తీరు మారాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆంధ్ర సరిహద్దుకు ఇవతల, ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వార్తలకు కూడా మీ పత్రికలో చోటిస్తారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మా అమ్మాయి ఇక్కడి ప్రభుత్వ బడిలో ఏడో తరగతి చదువుతోంది. ఆ బడి తల్లిదండ్రుల సంఘంలో నేనూ ఉన్నాను. ఈమధ్య ఏ బడి సంఘం వాళ్లు కలిసినా ఒకటే మాట. "ఆటల పోటీ పెట్టాం, ముగ్గుల పోటీ పెట్టాం, పిల్లల చేత అంగడి పెట్టించాం. సార్లే రాలేదు. వచ్చిన ఒకరిద్దరు కూడా ఫొటో దిగి, బస్సు టైమయిందని వెళ్లిపోయారు." పక్కనున్నవాళ్లు వెంటనే అందుకుంటారు, "డీఈఓకు కంప్లయింట్ పెట్టండి, వాళ్లే వస్తారు" అని.

కంప్లయింట్ పెడితే వస్తారు, నిజమే. వచ్చి మొహం ముడుచుకుని కూర్చుంటారు. అలా కూర్చోబెట్టి మనం సాధించేదేమిటో నాకు బోధపడదు.

ఇక్కడ రెండు సంగతులు కలిసిపోతున్నాయి. పిల్లల చదువు గురించి తల్లిదండ్రులతో మాట్లాడటం టీచరు విధి. అందులో బతిమాలుకోవాల్సిందేమీ లేదు. టీచర్లు క్రమం తప్పకుండా తల్లిదండ్రులతో సమావేశాలు జరపాలనీ, పిల్లల హాజరు ఎలా ఉంది, ఎంతవరకు నేర్చుకుంటున్నారు అన్నవి వాళ్లకు చెప్పాలనీ 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్‌లోనే ఉంది. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలనీ, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలనీ అదే చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. ఆ సమావేశాలు ఎగ్గొట్టే సారును నిలదీసే హక్కు మనకుంది. కానీ సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం మనం పెట్టుకున్న తాడులాగుడు పోటీకి రాలేదని అదే గొంతుతో అడగలేం. అది మనం ఇచ్చిన పిలుపు. పిలుపు అందుకున్న మనిషికి రావాలనిపించాలి.

ఎందుకు అనిపించడం లేదో చూడాలంటే కాసేపు టీచర్ల వైపు నిలబడి చూడాలి. మధ్యాహ్న భోజనం లెక్కలు వాళ్లవే. గుడ్లు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఉడికించారు, ఎంతమంది తిన్నారు అన్నీ రాయాలి. పోర్టల్‌లో ఒక్కో పిల్లాడి వివరాలు ఎక్కించాలి. నెట్ రాకపోతే మళ్లీ రేపు. ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేదీ వాళ్లే. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడూ తప్ప చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను వాడకూడదని 27వ సెక్షన్ అంటుంది. ఆ మూడే ఏడాదంతా సరిపోయేలా ఉన్నాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ఎలా చేసిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అలాంటప్పుడు విపత్తు సహాయం అంటే ఏమిటో కూడా.

ఇంత చేసిన మనిషిని మనం ఉన్న ఒక్క ఆదివారమూ రమ్మంటాం. చాలామంది టీచర్లు వారమంతా ఇక్కడ గది అద్దెకు తీసుకుని ఉండి, శనివారం సాయంత్రం బరంపురమో, సొంత ఊరో వెళ్లి సోమవారం పొద్దున్నే తిరిగొస్తారు. వాళ్లకూ పిల్లలున్నారు. ఆ పిల్లల బడిలోనూ ఏదో ఒక పోటీ ఉంటుంది. పోనీ ముందుగా చెబుతామా అంటే అదీ లేదు. శుక్రవారం ఎవరో పిల్లాడి చేతికి చీటీ ఇస్తాం, లేదా రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పడేస్తాం. తెల్లారేసరికి "చూశారు, రిప్లై ఇవ్వలేదు" అని నింద.

వచ్చిన తర్వాత జరిగేది ఇంకా దారుణం. సార్లకు వేదిక మీద ప్లాస్టిక్ కుర్చీలు, ఎదురుగా మూడు గంటల ఉపన్యాసాలు. గురుమాలకైతే (పాఠాలు చెప్పే మేడమ్‌లను ఇక్కడ అలాగే అంటాం) కుర్చీ కూడా అనుమానమే. టీ గ్లాసులు అందించడం, బహుమతుల పళ్లెం పట్టుకుని నిలబడటం వాళ్ల వంతు. చదువు చెప్పే మనిషికి మనం ఇచ్చే పని ఇదా? ఇవన్నీ ఒక ఎత్తు, చందాలు ఒక ఎత్తు. కొన్నిచోట్ల సంఘం రసీదు పుస్తకాన్ని టీచర్ల చేతికిచ్చి, క్లాసులో పిల్లల దగ్గర వసూలు చేయమంటున్నారు. రేపు లెక్క తేడా వస్తే మాట పడేది ఎవరు? ఆ భయంతోనే సగం మంది దూరం జరుగుతున్నారని నా అభిప్రాయం. డబ్బు సంఘం వాళ్లే వసూలు చేయాలి, ఖర్చు కాగితం సంఘం వాళ్లే గోడకు అంటించాలి. టీచరుకు ఆ పైసలతో ఏ సంబంధమూ ఉండకూడదు.

అవతల పాతపట్నంలో ఉన్న మా చుట్టాలు మరో మాట అంటారు. ఆంధ్రలో 2024 డిసెంబర్ 7న ప్రభుత్వ బడుల్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది కదా, మీ ఒడిశాలోనూ అలా ఒక ఆర్డర్ తెప్పించుకోండి అని. ఆ పద్ధతిని నేను తప్పు పట్టను. ఎప్పుడూ బడి గడప తొక్కని తండ్రులు ఆ రోజు వెళ్లారంటే మంచిదే. కాకపోతే ఆర్డర్ మీద నడిచేది సమావేశం. ఆర్డర్ వేసి తాడులాగించలేం.

నా సూచన చాలా చిన్నది. టీచర్లను సెలవు రోజున మళ్లీ రప్పించే ఆలోచన మానేసి, వాళ్లు ఎలాగూ బడిలో ఉండే రోజుల్నే వాడుకుందాం. ఆగస్టు 15, జనవరి 26 జెండా పండగలకు అందరూ వచ్చి తీరాలి. ఒడిశా బడుల్లో వినాయక చవితికీ, సరస్వతీ పూజకూ బడిలోనే పూజ జరుగుతుంది, టీచర్లే దగ్గరుండి చేయిస్తారు, తల్లిదండ్రులూ ప్రసాదానికి వస్తారు. అయితే గజపతి జిల్లాలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి. పూజ రోజునే అన్నీ పెడితే వాళ్లు బయట నిలబడాల్సి వస్తుంది. అందుకని జెండా రోజులూ, నవంబర్ 14 బాలల దినోత్సవమూ మేలు. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో మాత్రం ఏదీ పెట్టకండి. అప్పుడు సార్లు వచ్చినా అమ్మానాన్నలు రారు. హైస్కూల్ ఉన్నచోట జనవరి దాటనివ్వకూడదు, ఫిబ్రవరిలో మెట్రిక్ పరీక్షల టెన్షన్ మొదలవుతుంది.

మా బడిలో మొన్నటి జనవరి 26న ఇలాగే చేశాం. మిఠాయి పంచాక గంటసేపు, ఉపన్యాసం లేదు. లెక్కల సారును ఏం చేస్తారని ముందే అడిగితే, పిల్లలు పెట్టే అంగడిలో తూకం, చిల్లర తాను చూసుకుంటానన్నారు. వంకాయలు పావుకిలో తూచి, నోటికి లెక్క కట్టి, చిల్లర సరిగ్గా ఇచ్చిన పిల్లకు అక్కడే మార్కులు వేశారు. సైన్సు గురుమా అమ్మలందరినీ కూర్చోబెట్టి పసుపు నీళ్లలో సున్నం కలిపి ఎర్రబడేలా చేసి, పారాణి ఎందుకు ఎర్రగా ఉంటుందో చెప్పారు. అమ్మలు ఒకటే ప్రశ్నలు. ఆవిడ ఒంటిగంట బస్సు వదిలేసి తర్వాతి బస్సుకు వెళ్లారు. ఉండమని ఆవిడను ఎవరూ బలవంతపెట్టలేదు. ఎప్పుడూ మీటింగుకు రాని ఒక నాన్న, ఇటుక బట్టీ పని నుంచి సెలవు మీద వచ్చినాయన, తాడులాగుడు అయ్యాక చెమట తుడుచుకుంటూ పీఈటీ సారును పక్కకు పిలిచి, "మా వాడు నిజంగా చదువుతున్నాడా సార్?" అని అడిగాడు. ఆఫీసు గదిలో బల్లకు అవతల కూర్చున్న సారును ఆయన ఆ మాట అడిగి ఉండేవాడు కాదు.

మా ప్రాంతంలో భాష చిక్కు కూడా ఉంది. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన ఒడియా సార్లకు తెలుగు బాగా వచ్చు, మనకంటే బాగా ఎకసెక్కాలాడతారు. వేరే జిల్లాల నుంచి పోస్టింగ్ మీద వచ్చినవారికి రాదు. తెలుగు అమ్మలు ఒడియాలో రెండు ముక్కలు మాట్లాడి ఆగిపోతారు. కొండ మీది ఊళ్ల నుంచి దిగి వచ్చే సవర గిరిజన అమ్మలైతే అసలు నోరు విప్పరు. తప్పు మాట్లాడతామేమోనన్న బెదురు మీటింగులో ఉన్నంతగా ఆటల దగ్గర ఉండదు. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు బడి పంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవరల మధ్యకు వెళ్లారు కాబట్టే నేర్చుకోగలిగారు. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవమని ఆయన ఫొటోకు దండ వేసే సంఘాలు ఆ రోజున ఒడియా సార్లనూ, సవర అమ్మలనూ పిలిచి ఒక పూట కలిపి కూర్చోబెడితే నేను సంతోషిస్తాను. తెలుగువాళ్లం మాత్రమే కూర్చుని తెలుగు గొప్ప చెప్పుకోవడం ఎప్పుడూ ఉన్నదే.

సంఘాల వాళ్లకు మరొకటి. గురుమాల ఫొటోలు అడగకుండా గ్రూపుల్లో పెట్టకండి, నంబర్లు పంచకండి. డాన్సు చేయమని పట్టుబట్టకండి. ఒకసారి ఇబ్బంది పడ్డవాళ్లు మళ్లీ రారు, తోటివాళ్లనూ రావద్దంటారు. అలాగే ఏడాదికి రెండంటే రెండు కార్యక్రమాలు చాలు. ఒక్కో టీచరు ఒక్కదానికి వచ్చినా సరే. రానివాళ్ల పేర్లు ఎక్కడా చదవొద్దు. వచ్చినవాళ్లకు థాంక్స్ చెబుతూ పిల్లల చేత ఒక ఉత్తరం రాయించి ఇస్తే, శాలువా కంటే అది ఎక్కువ రోజులు దాచుకుంటారు.

అధికారులను అడగాల్సింది కూడా కొంత ఉంది. సెలవు రోజున బడి కార్యక్రమానికి వచ్చిన టీచరుకు బదులు సెలవు ఇచ్చేలా మా గజపతి, రాయగడ జిల్లాల విద్యాశాఖ అధికారులు ఒక ఉత్తర్వు ఇవ్వాలి. నోటి మాటగా హెడ్మాస్టరు సర్దుబాటు చేస్తే రేపు తనిఖీలో ఆయనే ఇరుక్కుంటాడు. తల్లిదండ్రుల కార్యక్రమాల తేదీలను బడి వార్షిక పట్టికలోనే చేర్చమని బ్లాకు విద్యాధికారులు (బీఈఓలు) చెప్పాలి. అందుకు పైసా ఖర్చు లేదు. కార్యక్రమానికి నాయకుల్ని పిలవడం తప్పనిసరి కాదని కూడా అందులో ఒక వాక్యం ఉంటే మేము మరింత రుణపడి ఉంటాం. అతిథి కోసం పిల్లలు ఎండలో నిలబడటం, సార్లు గడియారం చూసుకోవడం ఏటా చూస్తున్నాం.

ఈ ఉత్తరం చదివే సార్లు, గురుమాలు తమ ఇబ్బందులేమిటో మీకు రాస్తే దయచేసి ప్రచురించండి. నేను రాసినదాంట్లో వాళ్లు ఒప్పుకోనివీ ఉంటాయి. ఏ రోజు కుదురుతుందో, ఎంతసేపు ఉండగలరో, ఏ పని ఇస్తే ఇష్టంగా చేస్తారో వాళ్ల నోటితో తెలిస్తే, వేసవి సెలవుల తర్వాత జూన్‌లో బడి తెరిచినప్పుడే మా సంఘం ఆ తేదీలు హెడ్మాస్టరు గారికి రాసి ఇస్తుంది.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి,
కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా