అత్త కొడితే అడుగోటి కుండ

సంపాదకులకు నమస్కారం.

యుద్ధ నేరాల మీద ఈ మధ్య మీ పత్రికలో వస్తున్న వ్యాసాలు చదువుతున్నాను. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరైనదాన్ని. యుద్ధం అనగానే నాకు ముందు వార్డే కళ్లలో మెదులుతుంది. అందుకే రెండు ఆసుపత్రుల సంగతి రాస్తున్నాను.

2022 మార్చి 9న ఉక్రెయిన్‌లోని మారియుపోల్‌లో ప్రసూతి ఆసుపత్రి మీద రష్యా బాంబులు వేసింది. నిండు గర్భిణిని స్ట్రెచర్ మీద మోసుకెళ్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. సరిగ్గా రెండు వారాలకు అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్ ఆ ఆసుపత్రిని ప్రస్తావిస్తూ, రష్యా సైన్యం యుద్ధ నేరాలు చేసిందని ప్రకటించారు. మంచి పనే చేశారు.

రెండోది అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్. 2015 అక్టోబరు 3, రాత్రి రెండు దాటింది. నైట్ డ్యూటీలో అది వార్డు కాస్త సద్దుమణిగే వేళ. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ నడిపే ఆసుపత్రి అది. ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా సైన్యాలకు ముందే చెప్పి ఉంచారు. అయినా అమెరికా ఏసీ-130 విమానం చుట్టూ తిరుగుతూ 211 గుళ్లు కురిపించింది. లోపలున్నవాళ్లు ఆపమని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఐసీయూలో లేవలేని పేషెంట్లు మంచాల మీదే కాలిపోయారు. మొత్తం 42 మంది పోయారు, అందులో 14 మంది సిబ్బంది.

విచారణ అమెరికా సైన్యమే చేసుకుంది. వేరే భవనం అనుకుని పొరబడ్డారని తేల్చింది. కావాలని చేయలేదు కాబట్టి యుద్ధ నేరం కాదట. 16 మంది మీద శాఖాపరమైన చర్యలు, క్రిమినల్ కేసు ఒక్కటీ లేదు. పోయిన ప్రాణానికి 6,000 డాలర్లు, గాయానికి 3,000. ఒబామా క్షమాపణ చెప్పారు గానీ, బయటివాళ్లతో విచారణ జరిపించమని ఆసుపత్రివాళ్లు అడిగితే ఆయన ప్రభుత్వం సమ్మతించలేదు. అన్నట్టు, అప్పుడు వాళ్ల విదేశాంగ శాఖలో రెండో స్థానంలో ఉన్నది ఈ బ్లింకెన్ గారే.

మా దగ్గర స్టాకులో నాలుగు ఇంజెక్షన్లు తేడా వచ్చినా పైనుంచి ఎంక్వైరీ వచ్చేది. ఏ సిస్టరూ తన వార్డు మీద తనే ఎంక్వైరీ రాసుకోగా నేను చూడలేదు.

అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు కథ ఇంకా విడ్డూరం. అఫ్గానిస్తాన్‌లో తాలిబన్లతోపాటు అమెరికా సిబ్బంది మీద వచ్చిన ఆరోపణలను కూడా విచారించడానికి 2020 మార్చిలో ఆ కోర్టు అనుమతించింది. ఆర్నెల్లకు ప్రాసిక్యూటర్ ఫాతూ బెన్సూదా మీదే అమెరికా ఆంక్షలు పెట్టింది. తరువాతి ఏడాది కొత్త ప్రాసిక్యూటర్ కరీం ఖాన్ అమెరికా భాగాన్ని పక్కనబెట్టి, తాలిబన్లు, ఇస్లామిక్ స్టేట్ మీదే దృష్టి పెడతానన్నారు. 2023లో పుతిన్ మీద వారెంటు వస్తే సమంజసమన్న బైడెన్, 2024 నవంబరులో అదే కోర్టు ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద వారెంటు ఇస్తే దారుణమన్నారు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ.

ఇదంతా రష్యాను వెనకేసుకురావడానికి రాయడం లేదు. పుతిన్ మీద వారెంటు ఉండాల్సిందే. కానీ కుందూజ్ గురించి అడిగినప్పుడల్లా, అది పాత సంగతి, పొరపాటు అని దాటవేసేవాళ్ల నోట మారియుపోల్ మాట వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది. మన దేశమూ ఆ కోర్టులో సభ్యురాలు కాదు. ఎందుకు కాదో, చేరితే మనకు వచ్చే ఇబ్బందేమిటో మీ వ్యాసకర్తలు ఒక్కరూ రాయలేదు. అది కూడా రాయించండి.

ఏటా అక్టోబరు 3 వస్తుంది. ఈసారి మీ పత్రికలో ఎక్కడో ఒక మూలైనా ఆ 14 మంది సిబ్బంది గురించి నాలుగు లైన్లు వేయమని మనవి. వాళ్లు డ్యూటీలో ఉండగా పోయారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
నెల్లూరు