మీ తిరుపతి షాపులో మా అమ్మకు ఇచ్చిన మందుల గురించి కంప్లైంట్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్తే అండి. తిరుపతి కొర్లగుంట నుంచి రాస్తా ఉన్నాను. మా ఇంటి దగ్గరుండే మీ మందుల షాపులో మా అమ్మకు జరిగింది మీకు తెలియాల. బిల్లు, మందుల ఫోటోలు దీంతోనే పెట్టినాను.

అమ్మకు అరవై దాటినాయి, షుగర్ ఉంది. కింద నవ, మంట, విరిగిన పాల మాదిరి తెల్లబట్ట, ఒంటికి పోతే చురుకు, ఇవన్నీ మొదలైనాయి. ఇట్లాంటివి ఇంట్లో ఆడపిల్లకు కూడా చెప్పుకోలేని మనిషి మా అమ్మ. ప్రతి నెలా షుగర్ మాత్రలు మీ దగ్గరే కొంటుంది కాబట్టి తెలిసిన షాపే కదా అని ఒక్కతే పోయింది. కౌంటర్లో అబ్బాయికి మెల్లగా చెప్తే ఆ పిల్లోడు "ఏంది పెద్దమ్మా, యాడ దురద?" అని షాపంతా వినపడేట్టు అడిగినాడంట, పక్కన మగోళ్ళు నిలబడుకోని ఉన్నారు, ఇంక ఆమె ఏం చెప్తుంది చెప్పండి, తల దించుకునేసింది. ఆ తర్వాత ఇంకో ప్రశ్న కూడా లేదు, ఒక ట్యూబు, ఒక మాత్రల కిట్టు కవర్లో వేసి పంపించేసినాడు.

ఆ ట్యూబులో క్లోబెటాసాల్ ఉంది. అది గట్టి స్టెరాయిడ్. దాంతోపాటు యాంటీబయాటిక్, ఫంగస్ మందు అన్నీ కలిపేసినారు. స్టెరాయిడ్ పూస్తే నవ తగ్గినట్టే ఉంటుంది కానీ ఫంగస్ పోదు, ఇంకా పెరిగేదానికి దారి ఇస్తుంది, అమ్మకు అట్లనే అయింది, కొంచెం నెమ్మదించి మళ్ళీ ముందుకంటే జాస్తిగా వచ్చింది. కిట్టులో ఫ్లూకొనజోల్ 150 ఎంజీ అనే ఫంగస్ మాత్ర, దాంతోపాటు అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెక్నిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు ఉన్నాయి. అమ్మకు వచ్చిన ఈ ఇన్ఫెక్షన్ క్యాండిడా అనే ఫంగస్‌తో వచ్చేది, దానికి యాంటీబయాటిక్ ఎందుకండీ? యాంటీబయాటిక్ వాడినందువల్లే ఇది వచ్చే ఆడవాళ్ళు ఎంతమందో ఉన్నారు. ఆ కిట్టు మింగకముందే నా కంట్లో పడింది కాబట్టి సరిపోయింది.

నాకు ఎక్కువ బాధేసింది ఇంకోటి. అమ్మ ఫోన్ నెంబర్ కొడితే మీ కంప్యూటర్లో ఆమె మాత్రలన్నీ వస్తాయి, పాయింట్లు చెప్పేదానికి, ఆఫర్ మెసేజీలు పంపేదానికి ఆ నెంబర్ బాగానే వాడతారు. అందులో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది, గ్లిమిపిరైడ్ ఉంది. డాపాగ్లిఫ్లోజిన్ షుగర్‌ను ఒంటేలులో బయటికి పంపించే మందు, అందుకే అది వాడే ఆడవాళ్ళకు కింద ఈ ఫంగస్ వచ్చే అవకాశం ఎక్కువ. గ్లిమిపిరైడ్ వేసుకునేవాళ్ళు ఫ్లూకొనజోల్ మింగితే షుగర్ బాగా పడిపోవచ్చు. ఇవి ఫార్మసిస్ట్ చదువుకున్నవాళ్ళకు తెలిసే విషయాలే. ఆ స్క్రీన్ ఒక్కసారి చూసి, "అమ్మా, ఇది మీ షుగర్ మాత్ర వల్ల కూడా రావచ్చు, డాక్టర్‌కు చూపించండి" అని ఉంటే చాలు. షాపులో ఫార్మసిస్ట్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకు తగిలించి ఉంది, నేను పోయి అడిగితే మనిషి మాత్రం లేడు, బయటికి పోయినాడు అన్నారు.

తర్వాత లేడీ డాక్టర్‌కు చూపిస్తే ఆమె పరీక్ష చేసి క్లోట్రిమజోల్ అని రాత్రి పడుకునేటప్పుడు లోపల పెట్టుకునే ఫంగస్ మాత్రలు వారం రోజులకు రాసిచ్చింది, షుగర్ టెస్ట్ చేయించమనింది, డాపాగ్లిఫ్లోజిన్ సొంతంగా ఆపొద్దు, షుగర్ డాక్టర్‌తో మాట్లాడండి అనింది. ఇప్పుడు అమ్మకు నయంగా ఉంది.

ఇది చాలామంది ఆడవాళ్ళకు జీవితంలో ఒకసారైనా వచ్చేదే, సుఖవ్యాధి కాదు, సిగ్గుపడాల్సింది అసలే కాదు. అయినా డాక్టర్ దగ్గరికి పోవడానికి మొహమాటపడి ముందు మందుల అంగడికే వస్తారు, హాస్టల్లో ఉండే ఆడపిల్లలైతే మరీను. వచ్చినప్పుడు షుగర్ ఉందా, కడుపుతో ఉన్నారా, ముందెప్పుడైనా వచ్చిందా, వాసన గానీ జ్వరం గానీ పొత్తికడుపు నొప్పి గానీ ఉందా అని పక్కకు పిలిచి అడగాల. కడుపుతో ఉండేవాళ్ళకు ఫ్లూకొనజోల్ మాత్ర అసలు ఇవ్వకూడదు కదా, ఆ పిల్లోడు వాళ్ళకూ ఇదే కిట్టు చేతిలో పెడితే? పేషెంట్‌కు మందుల గురించి వివరంగా చెప్పడం ఫార్మసిస్ట్ పని అని 2015 ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్‌లోనే ఉంది. అజిత్రోమైసిన్, క్లోబెటాసాల్ డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడనివి, మీ బిల్లులో డాక్టర్ పేరు దగ్గర ఏదో ఒక పేరు టైపు చేసేసినారు, అమ్మ ఏ డాక్టర్ దగ్గరికీ పోలేదు అప్పటికి.

ఆ అబ్బాయిని ఉద్యోగం నుంచి తీసేయమని నేను అడగడం లేదు, వాడికి నేర్పించాల్సింది మీరు. షాపు తెరిచి ఉన్నంతసేపూ నిజమైన ఫార్మసిస్ట్ ఉండాల, ఆడవాళ్ళు నలుగురి ముందు కాకుండా మాట్లాడుకునేదానికి కొంచెం చోటు ఇయ్యండి, వీలైతే ఒక ఆడమనిషిని పెట్టండి. ట్యూబు, కిట్టు డబ్బులు వెనక్కి ఇయ్యండి. ఆ డాక్టర్ పేరు ఎట్ల వచ్చిందో రాతపూర్వకంగా జవాబు చెప్పండి, లేకపోతే ఇవే ఫోటోలు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ గారికి ఇస్తాను.

ఇంకోటి, ఫోన్ చేస్తే నా నెంబర్‌కే చెయ్యండి, అమ్మ నెంబర్‌కు చేసి దీని గురించి అడగొద్దు.

ఇట్లు,
మీ కస్టమర్ కూతురు, తిరుపతి