ఆదివారం సినిమా: జానెట్, ఎడ్డీల గుట్టు

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం రాత్రి 7కి మా మేడ మీద ‘నాటీ మారియెట్టా’ (1935) అనే హాలీవుడ్ సినిమా. గంటా ముప్పావు ఉంటుంది.

ఆ తర్వాతే అసలు కాలక్షేపం: ఆ సినిమా జంట గురించి వాదన. జానెట్ మెక్‌డొనాల్డ్, నెల్సన్ ఎడ్డీ 1935 నుంచి 1942 దాకా ఎంజీఎం స్టూడియోలో ఎనిమిది మ్యూజికల్స్ (పాటలతో నడిచే సినిమాలు) కలిసి చేశారు. 1937లో జానెట్ నటుడు జీన్ రేమండ్‌ని పెళ్లాడింది. ఆ పెళ్లిలో పాట పాడిందెవరో తెలుసా? ఎడ్డీయే! 1939లో ఆయనకూ వేరే ఆవిడతో పెళ్లయింది. ఇద్దరి మధ్య చాటుగా ప్రేమ నడిచిందని కొందరు, అదంతా అభిమానుల అల్లిక అని ఇంకొందరు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. నేనైతే రెండో జట్టు. (తిట్టేవాళ్లు ఆదివారం వచ్చి తిట్టండి!)

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడే ‘వస్తున్నా’ అని పెట్టండి, ఎంతమందో కూడా. కుర్చీలు పదే ఉన్నాయి, చాపలు తెచ్చుకోండి. టీ మాది, చిరుతిండి మీది.

వాదించే వాళ్లు ఒక్కో జట్టు నుంచి ఇద్దరు చాలు, ముందే పేరు చెప్పండి.

మర్చిపోకండి: సరిగ్గా 7కే మొదలు. పోయినసారిలా సగం సినిమా అయ్యాక వచ్చి ‘కథేంటి?’ అని అడిగితే చెప్పం 😄