లస్కరు రిటైరవుతున్నారు, మంత్రిగారూ

గౌరవనీయులైన జలవనరుల శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నాకు బందరు కాలువ కింద ఎకరన్నర పొలం ఉంది. కాపురం విజయవాడ కృష్ణలంకలో. మా కాలువ చూసే లస్కరు ఈ నెలాఖరుకు రిటైరవుతున్నారు. రోజుకూలీకి ఎన్‌ఎంఆర్‌గా చేరి, 1994 నాటి జీవో 212 పుణ్యమా అని పర్మినెంటు అయిన మనిషి. ఆయనకు జరగాల్సిన సన్మానం గురించే ఈ ఉత్తరం.

మామూలుగా ఏం జరుగుతుందో తమకు తెలియంది కాదు. పెద్ద ఇంజినీరైతే ఫ్లెక్సీలు, గజమాల, భోజనాలు. లస్కరైతే సెక్షన్ ఆఫీసులో ఒక దండ, ఒక శాలువా, గ్రూపు ఫొటో, టీ. శాలువాల మీద నాకు కోపమేం లేదు. బెజవాడ ఎండల్లో వాటిని ఎవరు కప్పుకుంటారన్నదే అంతుపట్టదు.

ఆ శాలువాతో పాటు గేటు దాటి ఏం పోతోందో ఎవరూ లెక్క చూడటం లేదు. కట్టకు ఎక్కడ ఎలుకలు బొరియలు చేస్తాయో, ఎక్కడ చెమ్మ కనబడితే తెల్లారేసరికి గండి పడుతుందో ఆయనకు తెలుసు. గుర్రపుడెక్క ఏ తూము దగ్గర అడ్డం పడుతుందో, ఏ షట్టరు తిప్పుతుంటే మొరాయిస్తుందో తెలుసు. వంతులవారీగా నీళ్లిచ్చే రోజుల్లో చివరి భూములకు తడి అందాలంటే పైన ఎవరిని బతిమాలాలో, ఎవరిని గద్దించాలో కూడా తెలుసు. ఇదంతా ఏ రిజిస్టరులోనూ లేదు. రిజిస్టరులో ఉండేది గేజీ రీడింగే.

2024 సెప్టెంబరు 2ను గుర్తు చేసుకోండి. ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2009 అక్టోబరులో 11 లక్షల దాకా వచ్చినప్పుడే, ఇక ఇంతకు మించి రాదనుకున్నవాళ్లం. కొట్టుకొచ్చిన పడవలు గేట్ల దగ్గర గుద్దుకుని 67, 69 నంబర్ల గేట్ల కౌంటర్ వెయిట్లను, అంటే గేటు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను, విరగ్గొట్టాయి. అప్పుడు సర్కారు కబురు పెట్టింది ఎవరికి? గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారికి. అంతకు కొన్ని వారాల ముందే తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోతే పారే నీటిలోనే స్టాప్‌లాగ్‌లు (గేటు చోట నీటిని ఆపే పలకలు) దింపించిన పెద్దాయన. వయసు చూడలేదు, చెయ్యి తిరిగినతనం చూశారు. మంచి పని చేశారు. మరి గండం వచ్చిన రోజున అనుభవాన్ని వెతుక్కుంటూ పోయేవాళ్లం, అది మన కాలువ గట్టు మీదే ఉన్నప్పుడు ఎందుకు పట్టించుకోం?

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. లస్కరుకు 62 నిండటానికి కనీసం ఒక వరదకాలం ముందే, ఆయన స్థానంలోకి వచ్చే కుర్రాణ్ని ఆయన వెంట గట్టు మీద నడిపించండి. అవుట్‌సోర్సింగ్ కుర్రాడైనా ఫర్వాలేదు, నడిచేవాడైతే చాలు. పెద్దాయన చెప్పినవన్నీ వర్క్ ఇన్‌స్పెక్టరు చేత ఒక పుస్తకంలో రాయించి సెక్షన్ ఆఫీసులో ఉంచండి. ఎన్‌ఎంఆర్ కాలం నాటి కాగితం దొరకలేదనో, సర్వీసు రిజిస్టరులో ఒక సంతకం తక్కువైందనో పింఛను ఆగకూడదు. ఆ కొర్రీలేవో సర్వీసులో ఉండగానే తీర్చేసి, శాలువా కప్పేటప్పుడే పింఛను ఉత్తర్వు, గ్రాట్యుటీ చేతిలో పెట్టండి.

బ్యారేజీకి ప్రకాశం పంతులు గారి పేరు, పులిచింతలకు కె.ఎల్. రావు గారి పేరు పెట్టుకున్నాం. తగిన పేర్లే, కాదనను. 1957 నుంచి ఆ 70 గేట్లను ఎత్తీ దించీ కాపలా కాసినవాళ్ల పేర్లు మాత్రం పాత మస్టర్ రోళ్లలో, అంటే హాజరు పట్టీల్లో, తప్ప ఎక్కడా కనపడవు. అవి చెదలు పట్టకముందే తీయించి, బ్యారేజీ మీద నడిచేవాళ్లు చదువుకునేలా ఒక రాతిపలక వేయించండి. ఇంజినీర్ల దినమని సెప్టెంబరు 15న విశ్వేశ్వరయ్య గారి పటానికి దండ వేసే సభలో ఆ ఏడాది రిటైరైన లస్కర్లకు వేదిక మీద కుర్చీలు వేయించండి. ముందు వరుసలో.

మా లస్కరును అడిగాను, పుస్తకం రాయిస్తారా అని. చెప్పడానికి సిద్ధమే, రాసేవాణ్ని పంపించమన్నారు. నెలాఖరు దగ్గర పడింది కాబట్టి ఈ ఒక్క పనికీ ఫైలు కదిలేదాకా ఆగకుండా ఫోన్లోనే చెప్పించగలరు.

ఇట్లు,
బందరు కాలువ ఆయకట్టు రైతు,
విజయవాడ